మూడో మాట

కాగితం మరాఠీల ఉంది. మనిషి తెలుగుల ఉంది.
నడుమ నేను, ఫారానికి నలభై రూపాయలు.

నాగపూర్ నుంచి జీపుల వచ్చింది గావండె మేడం.
మతిమరుపు రోగం మీద సర్కారు పైసలతో పరిశోధన అంట,
మూడేండ్ల మంజూరు.
ఐస్ డబ్బాల రక్తం సీసలు, సీసకో నంబరు.
సిరొంచల పదిహేడో నంబరు చిట్యాల లసుంబాయి.

"ఇది ఏ నెల?"
"తునికాకు నెల."
మేడం నా మొకం చూసింది. మే, అని చెప్పిన.
తప్పో ఒప్పో. ఆకు తెంపవోయినోళ్లెవరూ
దాన్ని ఇంకో పేరుతోటి పిలువరు.

"మనది ఏ రాష్ట్రం?"
లసుంబాయి వేళ్ల కణుపులు పట్టుకున్నది.
"పుట్టినప్పుడు సీపీ.
చెవులు కుట్టిచ్చినప్పుడు మధ్యప్రదేశు.
లగ్గమప్పుడు బొంబాయి.
పెద్దపిల్ల కడుపుల పడ్డప్పుడు మహారాష్ట్ర.
ఇల్లు ఇదే బిడ్డా, చేదబాయి ఇదే.
ఇప్పుడు మళ్ల మార్చిన్రా ఏంది?"

కాగితం మీద జవాబుకు ఒక్కటే గడి.
మేడం పెన్ను మూత పెట్టింది, తీసింది,
సున్న చుట్టలేదు, ఒకటి వెయ్యలేదు,
అంచుకు సన్నగ ఏదో రాసుకున్నది.

ఆఖరికి మూడు మాటలు.
చెప్పి, ఐదు నిమిషాలాగి అడగాలె.
కాగితంల గుర్రం ఉండె.
మా దిక్కు గుర్రం ఎవనికున్నది? పడవ అన్న.
పడవ, ఉల్లిగడ్డ, అద్దం.
పడవ వచ్చింది. ఉల్లిగడ్డ వచ్చింది.
మూడోదానికి కొంగుముడి విప్పి చూసింది.
పోకచెక్క, రెండు రూపాయల బిళ్ల.
"ఉండె. గిప్పుడే ఉండె."
మళ్ల వస్తం, అప్పుడు చెప్పు, అన్నది మేడం.
ఆ మాట కూడా నేనే తెలుగు చేసిన.

ప్రాణహిత రెండుసార్లు పొంగింది. జీపు రాలేదు.
ఫోన్ చేస్తే, రెండో కిస్తు ముంబైల ఆగిందంట,
ఏదో సంతకం, ఏదో మార్చి నెల.
మరి రక్తం? ఫ్రిజ్జుల ఉన్నదన్నరు,
ఆ ఫ్రిజ్జు కరెంటు బిల్లు ఏ పద్దుల రాయాల్నో
ఇంకో దస్త్రం నడుస్తున్నదంట.
మందు దొరుకుతదని ఎవ్వరూ అనలేదు, నేనూ అడుగలేదు.
ముందుగాల ఎక్కడ మొదలైతదో తెలిస్తే సాలు,
అన్నది మేడం జీపెక్కుకుంట.
ఆ 'ఎక్కడ' కోసమే మా ఊరి సీసలు
చలిల కూసున్నయ్.

నిన్న రేషన్ దుకాణం కాడ
లసుంబాయి నా చెయ్యి పట్టింది.
నన్ను కోడలి పేరుతోటి పిలిచింది.
ఏలిముద్ర పడక మిషను మూడుసార్లు వద్దన్నది.
లైను ఎనుక గొణుగుతున్నది.
అప్పుడు నా చెవుల నోరు పెట్టి,
ఎవరిదో సొమ్ము అప్పజెప్పినట్టు,
"అద్దం" అన్నది.
"ఆ పిల్లకు చెప్పు. దాచిపెట్టిన అని చెప్పు."

నా తాన ఫారం లేదు.
రేషన్ కార్డు ఎనుక పెన్సిలుతోటి రాసిన,
తారీకు, పదిహేడో నంబరు,
ఐదు నిమిషాలు అని ఉండాల్సిన కాడ
పద్నాలుగు నెలలు.