సందు వదలాలి

పోర్టో ఊళ్ళో, బోన్‌ఫిమ్ దిగువ వీధిలో
పాత ఇళ్ళ గోడపలకలు దాచే గోదాం మాది.
కూల్చిన గోడల నీలం, తెలుపు
అరటిపళ్ళ పెట్టెల్లో దిగుతుంది.
నేను తుడిచి, స్కాన్ చేసి, అంకె వేస్తాను.
ఏ పలక ఏ ఇంటిదో తేల్చేది మాత్రం హెర్కులానో.

నలభయ్యొక్క ఏళ్ళు పలకలు అతికించిన మేస్త్రీ.
చేయి తిరిగిన పనివాడనేవాళ్ళు.
ఆ చెయ్యి తిరగడం ఇంకా మానలేదు:
కాఫీ కప్పు పట్టుకున్నా తిరుగుతుంది,
సంతకం పెడుతున్నా తిరుగుతుంది.
మౌస్ చేతికిస్తే, తెర మీద బాణం
పిల్లి తరిమినట్టు మూలమూలకీ పరిగెత్తింది.
"పేరుకు తగ్గ జంతువే" అని
దాన్ని సొరుగులో పడేసి తాళం వేశాడు.

అందుకని మీటలు నేర్పాను.
ఎడమ బొటనవేలు కిటికీ బొమ్మ మీద ఉంచు,
నొక్కి పట్టు, వదలకు.
ఇప్పుడు ఎడమ బాణం.
ఫొటో ఎగిరి ఎడమ సగానికి అంటుకుంది.
కుడి బాణం.
విరిగిన పలక వచ్చి దాని పక్కన నిలబడింది.
పై బాణం కొడితే పావు వంతుకి ముడుచుకుంటుంది.
వణుకులో ఒకటి నొక్కబోతే రెండు పడేవి,
ఎడమన ఉండాల్సింది కుడిగోడకి దూకేది.
తిట్టేవాడు. పోర్టో తిట్లు, నేను రాయను.
ఆల్ట్ పట్టి ట్యాబ్ కొడితే మటుకు
అన్నీ పేకముక్కల్లా పరుచుకున్నాయి.
ఆదివారాలు సూయెకా ఆడే మనిషికి
ముక్క ఎంచుకోవడం ఒకరు చెప్పాలా!

వారానికల్లా నాకంటే వేగం.
అయినా ఒకటే గొణుగుడు:
"ఇవి ఇలా ఒరుసుకుని ఉంటే ఎలా?
రెండు పలకల మధ్య నాణెం మందాన సందు వదలాలి.
ఎండకి గోడ ఉబ్బితే ఎటు పోతుంది?"
"తెర మీద ఎండెక్కడిది, మేస్త్రీ?"
"గోడంటూ ఉన్నాక ఎండ రాకపోదు, ఒడెట్."

శుక్రవారం. బయట మూడోరోజు వాన.
తెరని నాలుగు చేశాడు.
పైన ఎడమన, డెబ్భై ఒకటి నాటి వీధి ఫొటో.
పైన కుడిన, నేను స్కాన్ చేసిన మూడువందల పదిహేడో పలక.
కింద ఒక బిల్లు, ఒక పటం.
చాలాసేపు బాణాలు కదల్లేదు.

"ఆ పువ్వు చూడు," అన్నాడు.
గోడంతా రేకులు లోపలికి తిరిగి
నాలుగేసి కలిసి ఒక పువ్వవుతున్నాయి.
గుమ్మం పక్క ఒక్కటి
పెడమొహం పెట్టి వీధిలోకి చూస్తోంది.
"ఎవరో ఏమరుపాటున పెట్టారు," అన్నాను.
"నేనే," అన్నాడు.
"పంతొమ్మిదేళ్ళు నాకు. అంగోలా వెళ్ళే కుర్రాళ్ళ లారీ
ఆ మలుపు తిరిగింది. అందులో మా అబీలియో.
వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను.
మళ్ళీ ఇటు తిరిగేసరికి
సున్నం పట్టేసింది."

అడుగుదామనుకున్నాను. అడగలేదు.
కిటికీ మీట, డి, రెండూ కలిపి నొక్కాడు:
ఫొటో, పలక, బిల్లు, పటం
ఒక్కసారిగా మాయం.
ఖాళీ నీలం మీద అతని మొహం కనబడింది.
కాసేపాగి మళ్ళీ అవే నొక్కాడు.
నాలుగూ ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి,
ఎటూ పోనట్టు.

జాబితాలో అన్నీ నింపాను.
ఇంటి నంబరు, కొలత, రంగు.
చివర 'లోపం' అని ఒక గడి ఉంటుంది.
"ఇక్కడేం రాయను, మేస్త్రీ?"

కోటు తొడుక్కుంటున్నాడు,
గుండీ కన్నం దొరక్క వేళ్ళు తడుముకుంటున్నాయి.
"అక్కడ సందు వదిలెయ్," అన్నాడు.