పద్దెనిమిది టిచ్చులు

వేట నిషేధం మొదలైన మూడో రోజు
ఎల్లాజీ తన బోటు ఇంజను ముసుగు
భుజాన మడతేసుకొచ్చి నా బల్ల మీద పడేశాడు.
చేపల రేవు వాసన అతనికంటే ముందే వచ్చింది.

"టిచ్చులు పోనాయి గురూ, సూడు" అన్నాడు.
ఎవరు వేశారో అతను అనలేదు.
నేనూ అనలేదు.

పద్దెనిమిది.
నాలుగు తెరుచుకోవు, ఆరు మూసుకోవు,
మూడింటి చోట గుడ్డకి కన్నాలే మిగిలాయి.
తక్కినవి తుప్పు కక్కి
నీలం కాన్వాసు మీద బెల్లం పాకంలా కారాయి.

నిరుడు పూర్ణా మార్కెట్లో
డజనుకి పన్నెండు రూపాయలు మిగులుతాయని
తళతళలాడేవి కొన్నాను.
ఇత్తడే అన్నాడు కొట్టువాడు. నమ్మాను.
నమ్మాననడం కూడా అబద్ధమే.
పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం
అప్పుడూ ఈ సొరుగులోనే ఉంది.

ఇప్పుడు దాన్ని తీసి దగ్గర పెడితే
ఒక్కొక్కటీ గెంతి అతుక్కుంటోంది
పేరు పెట్టి పిలిచినట్టు.

పాతది తీయడమే కష్టం, కొత్తది వేయడం కాదు.
లాగితే గుడ్డ వచ్చేస్తుంది.
కటింగ్ ప్లేయరు ముక్కుతో అంచు పట్టి
చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెం కొరకాలి,
నిద్రపోతున్న పిల్లకి గోళ్ళు తీసినట్టు.
లోపలి గొట్టం తెగిన సంగతి
చెవికంటే ముందు వేలికి తెలుస్తుంది.

కన్నం సాగిపోయిన చోట
తెగిన చెప్పు తోలు బిళ్ళగా కోసి అడుగున వేశాను.
పైన టోపీ, కింద గిన్నె,
గిన్నె కింద దిమ్మ, మీద పోటు,
సుత్తితో ఒకటే దెబ్బ.
రెండో దెబ్బ వేశావా, వంకర.
మా మావ గురుమూర్తి నేర్పిన పని ఇదొక్కటే,
తక్కినవన్నీ తిట్లు.

యారాడ కొండ వైపు నుంచి గాలి తిరిగే వేళకి
నేనే ముసుగు పట్టుకుని రేవుకెళ్ళాను.
పని లేని బోట్లు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.
చెక్కకి దిగిన మగ ముక్కలు
బోటు కట్టిన నాటివి. చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి,
ఒక్కటీ కదల్లేదు.

టిక్. టిక్. పదిహేడు పడ్డాయి.
పద్దెనిమిదోది అంగుళం అందలేదు.
ఏడాది ఎండకి గుడ్డ ముడుచుకుంది,
బోటు ముడుచుకోదు కదా.
ఎల్లాజీ కాలు తన్నిపెట్టి లాగాడు,
నేను బొటనవేలితో నొక్కాను.
టిక్.

"ఎంతిమ్మంటావు?"
"నిరుడే ఇచ్చావుగా."

అతను నవ్వలేదు. లోపలికెళ్ళి
అరచేతిలో దిక్సూచి పట్టుకొచ్చి
ముసుగు అంచున పెట్టాడు.
"నిరుడు దీని దగ్గరకెల్తే సాలు
ముల్లు తల తిప్పీసీది.
నాకు తెల్దనుకున్నావేటి?"

ఇద్దరం వంగి చూశాం.
ముల్లు కదల్లేదు.
నేనే కొంచెం పక్కకి చూశాను.