ఆరేళ్ళ బన్నీ

మధ్యాహ్నం రెండుంపావుకి ఇంటర్వ్యూ.
బియ్యం డబ్బా మీద పప్పు డబ్బా,
దాని మీద తోటికోడలి ఫోను.
గోడ పెచ్చులు కనబడకుండా
నీలం చీరొకటి మేకులకి తగిలించాను.
ఫ్యాను వేస్తే చీర ఊగి గోడ బయటపడుతోంది.
కంచరపాలెంలో, మే నెలలో,
ఫ్యాను ఆపేశాను.

తెర మీద టై కట్టుకున్నాయన.
మైలపల్లి హైమావతి అని
ఇంటిపేరు తడబడకుండా చదివినప్పుడే
నాకు అనుమానం రావలసింది.
"ఇప్పట్నుంచి నాకు ఆరేళ్ళు. నా పేరు బన్నీ.
నాకేమీ రాదు, నేర్పండి" అన్నాడు ఇంగ్లీషులో.
గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని
నిజంగానే ఆరేళ్ళవాడిలా చూశాడు.
చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు మాత్రం
ఆ మాట వినలేదు.

పన్నెండేళ్ళు కాన్వెంటులో చెప్పాను,
అది మూతబడేదాకా.
చేతిలో సుద్దముక్క ఉంటే నాకు భయం ఉండదు.
ఇక్కడ ఖాళీ చెయ్యి గాల్లో ఊపాలట,
వాక్యానికో నవ్వు నవ్వాలట,
పిల్లాణ్ణి తప్పు అనకూడదట,
నియర్లీ అనాలట.

నీలం నీళ్ళల్లో నారింజ చేప వచ్చింది.
ఫిష్, అన్నాను.
పిష్, అన్నాడు బన్నీ, కావాలనే.
పై పళ్ళు కింది పెదవి మీద ఆనించి
గాలి వదిలి చూపించాను.
వదిలాడు. మళ్ళీ పిష్షే.
నియర్లీ, అన్నాను.

చేప ఏం తింటుంది, అడిగాడు.
వాళ్ళు పంపిన పాఠంలో లేదు ఆ ప్రశ్న.
హార్బరులో మా అమ్మ బుట్ట దింపినట్టు
నెత్తళ్ళు, కవ్వళ్ళు, చందువ, కోనాం
అన్నీ ఒక్కసారే గొంతులోకి దిగాయి.
నారింజ రంగుది ఒక్కటీ లేదు వాటిలో,
ఇంగ్లీషు వచ్చింది ఒక్కటీ లేదు.
స్మాలర్ ఫిష్, అన్నాను.
సరిగ్గా అప్పుడే గోడవతల గూడ్సు బండి
కూత పెట్టుకుంటూ పోయింది.

"ఏటీ?" అన్నాడు.

ఏటీ.
వాట్ కాదు, సారీ కాదు.
పలాస పాసింజర్లో పక్కసీటు మనిషి
చెవి దగ్గరికి వంగి అడిగినట్టు.

టై ముడి పైకీ కిందకీ కదిలింది.
మైకు ఆపుకున్నాడు.
ఆయన కళ్ళద్దాల్లో నా నీలం చీర
అగ్గిపెట్టంత కనబడుతోంది.
నేను నవ్వలేదు.
నవ్వితే నియర్లీ అన్నట్టుంటుంది.

మైకు వచ్చేసరికి బన్నీ లేడు.
"మీ ఎఫ్ బాగుంది. చుట్టూ శబ్దాలే ఇబ్బంది.
నలభై ఎనిమిది గంటల్లో మెయిల్ వస్తుంది."
మాతృభాష ప్రభావమని
మార్కుల కాగితంలో ఒక గడి ఉంటుందట.
దాంట్లో నాకే వేశాడో,
తనకే వేసుకున్నాడో.

ఫ్యాను వేశాను. చీర లేచి గోడకి కొట్టుకుంది.
"ఏటయిందక్కా?" అంటూ ఫోను కోసం
చెయ్యి చాపింది తోటికోడలు.
చెబుదామంటే
కింది పెదవి మీద పై పళ్ళు
ఇంకా ఆనే ఉన్నాయి.