కత్తెర వైపు

వగిరా చుడుతుంది, నేను కత్తిరిస్తాను.
జావాలో, కుదుస్ ఊళ్ళో, మూడో నంబరు షెడ్డులో
పందొమ్మిదేళ్ళుగా ఒకటే బల్ల మా ఇద్దరికీ.
చెక్క మరలో చిటికెడు పొగాకు, లవంగం పొడి,
ఒక లాగు, ఒక తోపు,
అంతే, ఇంకొకటి పుట్టింది.
రెండు కొసలా రేగిన పీచుని
పిల్లాడి జుట్టు సవరించినట్టు సవరిస్తాను.
వెయ్యికింత అని కూలి.
లెక్క తప్పితే రెండు పొయ్యిలు చల్లారతాయి.

ఛాతీ నొప్పికి మందుగా పుట్టిందట ఇది, మా ఊళ్ళోనే.
పాతవాళ్ళు నవ్వకుండా చెబుతారు.
అంటిస్తే లవంగం చిటపటమంటుంది,
ఆ చప్పుడే దాని పేరు: క్రెటెక్.
"మనం పిలవక్కర్లేదు, తనే పలుకుతుంది" అనేవాడు
వగిరా మొగుడు కస్మురి,
రిక్షాలో కాలు మీద కాలేసుకుని.

షిఫ్టు వదిలాక గేటులోంచి మూడువందలమంది ఆడవాళ్ళం.
ఆ గుంపులో వాసన పట్టి ఆమెని పోల్చుకున్నానని
పెళ్ళికి ముందు చెప్పాడట.
అబద్ధం.
మా అందరిదీ ఒకటే వాసన.

ఒక వానాకాలం
"రిక్షా మిట్ట ఎక్కట్లేదు" అన్నాడు.
గొలుసుకి నూనె పెట్టించాడు, టైర్లు మార్పించాడు.
ఎక్కలేనిది రిక్షా కాదని
ఆ దగ్గు విన్న ఎవరికైనా తెలుసు.
డాక్టరమ్మ ఫిల్ముని కిటికీకేసి పట్టి
ఇక్కడ గాలి ఆగిపోతోంది, ఇక్కడా, ఇదిగో ఇక్కడా అంటూ
పెన్ను మూతతో చూపించింది.

మానలేదా అంటే, మానాడు.
ప్రతి రంజాన్‌కీ పగలంతా మానేవాడు.
పొద్దు వాలగానే
ఖర్జూరం కన్నా ముందు అగ్గిపుల్ల.
"పదమూడు గంటలు ఆగినవాడివి
ఇంకో గంట ఆగలేవా?" అనేది వగిరా.
"పగలు దేవుడు చూస్తాడే,
రాత్రి ఇది చూస్తుంది."

కత్తెర చేతిలో ఉంటే నాకు లెక్కలొస్తాయి.
రోజుకి ఇరవై నాలుగు,
ఇరవై ఆరేళ్ళు.
ఒక మధ్యాహ్నం గుణించి చూశాను, ఆగితే బావుండేది:
మేమిద్దరం యాభై ఏడు రోజుల్లో చుట్టేసేంత.
ఒక మనిషి ఊపిరి మొత్తం
మాకు రెండు నెలల పని.
బోనసు కూడా రాదు.

ఇప్పుడు ఆస్పత్రిలో, కిటికీ పక్క మంచం.
ముక్కులో గొట్టం, తలాపున బుడబుడలాడే సీసా.
సిగరెట్టు అడగడు. అడిగే గాలి లేదు.
వగిరా వెళ్ళగానే చెయ్యి చాస్తాడు.
నిమ్మచెక్కతో రుద్ది, బూడిదతో తోమి,
పసుప్పచ్చ గోళ్ళ దాకా కడుక్కెళ్ళిన చెయ్యి.
గొట్టం కాస్త పక్కకి జరిపి
ఆ వేళ్ళు ముక్కుకి ఆనించుకుంటాడు,
కళ్ళు మూసుకుంటాడు.
మూడు నిమిషాలు దగ్గు రాదు.

"నన్నా, సుమినెమ్? దాన్నా?
ఎవర్ని వాసన చూస్తున్నాడు?"
మర మీంచి తల ఎత్తకుండా అడిగింది.
నా కత్తెర జారి
ఒకటి నడిమికి తెగింది.
సూపర్‌వైజర్ చూడనే చూశాడు, రాసుకున్నాడు.

నేనేమీ చెప్పలేదు.
ఆమె మళ్ళీ అడగలేదు.
మంగళవారం నుంచి మాత్రం గంట కొట్టాక
కుళాయి దగ్గర ఆగట్లేదు, అలాగే బస్సెక్కుతోంది.

నేను ఆగుతాను.
ఇంటి దగ్గర ఇంకోసారి కడుగుతాను,
మనవణ్ణి ఎత్తుకునే ముందు మూడోసారి.
పదకొండు నెలలవాడు.
ఎవరు జోకొట్టినా ఊరుకోడు.
నా బొటనవేలు వెతికి పట్టుకుని
ముక్కు కింద పెట్టుకుంటే గాని
నిద్రపోడు.