గిల్లకుండ

సిరోంచ అంగట్ల నాది నాసిక్ ఉల్లిగడ్డ కుప్ప.
లారీ దిగిందంటే పొట్టు లేచి
పక్కన గాజులమ్మే శంకుబాయి ఒడి నిండుతది.

మృగశిర దాటినంక ఒక్క వారమే
పుంగాటి మాలుబాయి వస్తది, మోదుగాకు దొప్పతోని.
లోపల చింతగింజంత గడ్డలు,
మన్ను గూడ దులపనివి.
తక్కెట్ల ఎయ్యబోతే చెయ్యి పట్టుకుంటది:
"ఇవి తూకానికి రావు. దోసెడు ఉప్పు పెట్టు."

ఎట్ల వండాల్నో ఒక్కసారే చెప్పలే.
మొదటేడు: కొయ్యకు, రోట్ల దంచు.
మరుసటేడు: ఇప్పనూనె చుక్క, ఎండు రొయ్య ముందుగాల ఏగాలె,
చింతచిగురు ఆఖర్ల, మూత పెట్టకు,
జొన్న గట్కల నంజుకో.
మూడోయేడు: ముందు గిల్లి వాసన చూడు.
ఘాటు రాలేదా, అది నక్కుల్లి.
మా మరిది గట్లనే...
అని, ఉప్పు మూట ముడేసుకుంది.

ఈసారి దొప్పల అయిదే.
గుట్ట మీద రోడ్డు పడ్డదట.
ఉప్పు పెడితే ముట్టలే.
"తినకు, నాటు."

పగిలిన నూనె డబ్బాల నాటిన.
ఉల్లిగడ్డల సేటు ఉల్లి పెంచుడేందని
ఇంటామె రోజూ నవ్వుతది.
నాలుగు మురిగినయి.
అయిదోది నిన్న పొద్దుగాల
దారమంత ఆకు తీసింది.

మనదో, నక్కదో
గిల్లితే గాని తెల్వదు.
ఉన్నది ఒక్కటే ఆకు.

డబ్బా ముంగట కూసున్న,
గోరు లోపలికి మడుచుకొని.