జానెడు

మార్తమ్మ నర్సు అరకు నుంచి బదిలీ మీద వచ్చినప్పుడు
మాత్రల కవర్లో మడిచి తెచ్చింది,
శనగ్గింజంత ఉల్లిపాయలు ఐదు.
"నాటు. తవ్వకు. ఊరికే చూస్తుండు" అంది.

తవ్వని ఉల్లేమిటి?
నేనెరిగిన ఉల్లి కర్నూలు నుంచి లారీలో వస్తుంది,
ధర పెరిగిన ఏడు
కొయ్యకుండానే ఏడిపిస్తుంది.

సంగడిగుంటలో మా పెరడు మంచమంత.
గోంగూర, రెండు వంగ, గోడెక్కిన బీరపాదు,
ఓ మూల ఆ ఐదూ.
పగలంతా కోల్డ్ స్టోరేజీలో మిరప ముచ్చికలు తీసి
మండే వేళ్ళతో ఇంటికొచ్చి
ఆ బోలు కాడల్ని పట్టుకు కూర్చునేదాన్ని.
చల్లగా ఉండేవి.
లోపల ఉత్త గాలి.

మాఘంలో పువ్వొస్తుందనుకున్నా.
కాడ కొసన పొర చిట్లితే
పువ్వు లేదు, మళ్ళీ ఉల్లిపాయలే,
నెత్తిన గంపలో పిల్లల్ని కూర్చోబెట్టుకున్నట్టు.
బరువుకి వంగింది.
కర్ర పాతి పీలికతో కట్టబోతే
మార్తమ్మ చెయ్యి పట్టుకుంది:
"పడనీ. అది పడటం కాదే, అడుగు."

రోహిణి కార్తెకి రోళ్ళు పగలడం నేను చూళ్ళేదు గాని
కాడలన్నీ బీడీ ఆకులయ్యాయి.
మార్తమ్మకి మళ్ళీ బదిలీ.
బస్టాండులో సంచి అందిస్తూ కూడా
చచ్చిపోయాయని చెప్పలేకపోయాను.

మృగశిర తొలి జల్లుకి
పాతిన చోట ఏమీ లేదు.
జానెడు అవతల, ఇటుకల వరస దాటి,
సుభానీ వాళ్ళ సైకిల్ ట్యూబుల గుట్ట పక్కన
పచ్చటి సూది.
"అక్కా, మీ ఉల్లి మా ఇంటికొచ్చింది"
అంది మస్తాన్‌బీ, మర్నెల్లోనే,
గుడ్డట్టులోకి రెండు కాడలు తుంచుతూ.

మా ఝాన్సీ ఫోన్‌లో లెక్కగట్టింది:
ఏడాదికి జానెడు చొప్పున
అరకు చేరాలంటే ఇరవై లక్షల ఏళ్ళట.
"అటే పోతోందని ఎవరన్నారే?" అని కసిరాను గాని
పొద్దున్నే, ఎవరూ లేవకముందు,
సూర్యుడొచ్చే వైపు కుడిచెయ్యి చాపి
నిలబడి చూసుకున్నాను.
కొంచెం ఈశాన్యం.

ఈ ఏడు కాడ నెత్తిన ఆరెక్కాయి.
వంగుతోంది.
నిన్న నీళ్ళు పోద్దామని వెళ్ళేసరికి
ట్యూబుల గుట్ట
ఇంకో జానెడు వెనక్కి జరిగి ఉంది.
మస్తాన్‌బీ బట్టలు ఆరేస్తోంది,
ఇటు చూడకుండా.