లేని బ్రేకు

కాజ టోల్‌గేటు దాటాక
పైవంతెన నీడ రోడ్డుకి అడ్డంగా పడుకుని ఉంది.
దాన్ని చూసి కారు బెదిరింది.
నా కాలు బ్రేకు మీద లేదు, ఒట్టు.
వెనక సీట్లో జామకాయల సంచి బోర్లాపడింది.
మిర్చి టిక్కీల లారీ
మా ఏడు తరాల్నీ
ఒక్క హారన్‌లో పలకరించి పోయింది.

షోరూం కుర్రాడు "సాఫ్ట్‌వేరండీ, అప్‌డేట్ వస్తది" అన్నాడు.
వచ్చేదాకా ఇదీ నా పని:
నీడ ఇంకా ఫర్లాంగు దూరముండగానే
అద్దంలో ఎవడున్నాడో చూసుకోవడం,
బెదురు గిత్తకి గంగడోలు నిమిరినట్టు
అరికాలితో యాక్సిలరేటర్ని నిమరడం.
ఒక్కోసారి వింటుంది.

పక్కన శేషారత్నం.
పాత మారుతి నాటినుంచీ
తన వైపు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.
ఆ కారు అమ్మేటప్పుడు చూశాను,
మ్యాట్ అక్కడ చిల్లు పడింది.
"ఏముందని తొక్కుతావ్?" అని
ఎన్నిసార్లు కసిరానో.

ఇవాళ వారధి మీద, మిట్టమధ్యాహ్నం,
ముందు ఎండ తప్ప ఏమీ లేదు,
మళ్ళీ ఆగబోయింది.
"ఏముందే అక్కడ?" అని అరిచాను, కారు మీదే.

తను నవ్వలేదు.
డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి
"దానికేదో కనపడి ఉంటుందిలే" అంది.